నాంచారమ్మ తోలుకుపోయిన దోమల మంద

నాంచారమ్మ అని ఒకావిడుండేదంట. సముద్రానికి దగ్గర్లో, కాలవ ఆఖరున, తూముపాలెం అని ఊరు. కాలవ ఆఖరు ఊరంటే ఎట్టా ఉండిద్దో నీకు తెలవదుగానీ, పైనోళ్ళందరూ వాడుకోగా మిగిలిన నీళ్ళొచ్చి అక్కడ కదలకుండా పడుంటయ్యి. ఇంకేముంది, దోమలే దోమలు. నువ్విందాకట్నించీ మోచెయ్యి గోక్కుంటన్నావే, ఇయ్యొక దోమలా? ఆ ఊళ్ళో పొద్దుగూకితే గేదెలు గుంజలు పీక్కునిపోయి కాలవలో దూకేయంట, అట్టాంటి దోమలు. సరే, ఈ నాంచారమ్మకి మొగుడు పోయాడు. ఒక గేదె, ఒక కూతురు, పడమటి కొసన ఒక గుడిసె, అంతే ఆవిడ సంసారం. ఊరంతా ఒకటే వీధి, పడమట నించి తూరుపుకి తాడు పరిచినట్టు. ఈ కొసన ఈవిడ గుడిసె, ఆ కొసన మునసబు దశరథరామయ్య మేడ. వానాకాలం గాలి ఎటునించి కొట్టిద్ది? పడమట నించి. అది గుర్తెట్టుకో, మళ్ళీ నన్నడగమాక.

రోజూ పొద్దుగూకే వేళకి ఈవిడేం చేసేదంటే, పగిలిన కుండ అడుగు పెంకు ఒకటుండేది, దాంట్లో రెండు పిడకలు రాజేసేది. నిప్పు పడ్డాక పైన తడి ఊక పోసేది, ఊక మీద పచ్చి వేపాకు ఒక గుప్పెడు, వావిలాకు రెండు గుప్పిళ్ళు. మంట రాకూడదు, పొగే రావాల. మంటొచ్చిందంటే ఆకు మాడిపోద్ది, దోమ నవ్వుకుంటా వచ్చిద్ది. ఆ పెంకు తీసుకెళ్ళి గుడిసెకి గాలివైపున వాకిట్లో పెట్టేది. పొగ నేలబారున లేచి, పడమటి గాలికి మెల్లంగా వీధెంట పోయేదంట, ఇంటింటి గొడ్లపాకా, ఇంటింటి మంచం తడుముకుంటా. వీధి మొత్తం ఆవిడ పొగకింద పడుకునేది! ఆవిడేమో తన గేదె కోసం వేసేది, తన పిల్ల కోసం వేసేది, పోయేది ఎటూ పోద్దిగదా అని కుంచెం ఎక్కువే వేసేది. ఇదిగాక ఎవరికన్నా దోమలు కుట్టి దద్దుర్లు లేస్తే ఈవిడ దగ్గరికే పరిగెత్తుకొచ్చేవాళ్ళు. తులసాకు నలిపి రసం పెట్టేది, మరీ మంటగా ఉంటే కలబంద మట్ట చీల్చి ఆ గుజ్జు రాసేది, గోకి గోకి పుండు చేసుకుంటే వేపాకు పసుపు నూరి ముద్ద పెట్టేది. చేలోకి పోయేవాళ్ళకి కొబ్బరినూనెలో నాలుగు చుక్కలు వేపనూనె కలిపి కాళ్ళకి పూసి పంపించేది. రోట్లో నీళ్ళుంటే పారబొయ్యండే, పగిలిన చట్టి బోర్లించండే అని ఇంటింటికీ తిరిగి అరిచేది. ఇంత చేసినదానికి ఏ ఒక్కళ్ళన్నా ఒక పిడక తెచ్చి ఇచ్చారా? ఇస్తే ఒట్టు. అరిచినందుకు మాత్రం గయ్యాళి అని పేరు పెట్టారు.

ఇప్పుడు ఇంకో సంగతి చెప్పాల, అది చెప్పకపోతే నీకు కథ ఎక్కదు. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటుండేది. ఎవరి గొడ్డన్నా ఇంకొకళ్ళ చేలోనో దొడ్లోనో పడిందనుకో, ఆ గొడ్డుగలవాళ్ళు చేత్తో పలుపుతాడు పట్టుకుని, పదిమందీ చూస్తండగా వెళ్ళి, ఇది నా గొడ్డే అని ఒప్పుకుని తోలుకుపోవాల. మళ్ళీ ఆ గొడ్డు అటు పోకుండా కాపలా ఉండాల. పలుపుతాడు పట్టుకుని వచ్చినవాళ్ళని ఎవరూ ఆపకూడదు. మునసబు మేడైనా సరే, దొడ్డితలుపు తియ్యాల్సిందే. బాగానే ఉందిగా కట్టుబాటు? మరి ఏమైందంటే, ముందటేడు నాంచారమ్మ గేదె చూడిమీదుండి, నెలలు నిండి, ఒక తెల్లారుజామున తాడు తెంపుకుని వీధెంట పోయి పోయి మునసబు దొడ్లో దూరి అక్కడ ఈనిందంట. పెయ్యదూడ, నల్లంగా నిగనిగలాడతా, నుదుటిమీద తెల్లమచ్చ. నాంచారమ్మ పలుపుతాడు పట్టుకుని ఉరుకులమీద వెళ్ళింది. నా గేదే అయ్యా, తప్పయిపోయింది అంది. దశరథరామయ్య గేదెని వదిలాడు, దూడని వదల్లా. అదేందయ్యా అంటే, గేదె నీదే, కాదన్లేదు, దూడ నా దొడ్లో పుట్టింది, నా తొట్లో నీళ్ళు తాగింది, ఎవరి దొడ్లో పుట్టి ఎవరి నీళ్ళు తాగితే వాళ్ళదే దూడ, అది కట్టుబాటు అన్నాడు. ఈ కట్టుబాటు ఎప్పట్నించి వచ్చింది మునసబుగారా అనడిగింది. ఇయ్యాల్టి నించి అన్నాడంట! చూశావా నోరు? మూతిమీద మీసం ఉండీ, చేతిలో కర్ర ఉండీ, చుట్టూ పదిమంది ఉండీ, ఒక మొగుడుపోయిన ఆడదాని దూడని నొక్కేశాడు. ఆ గేదె మూడ్రోజులు గడ్డి ముట్టకుండా అరిచిందంట. ఊరందరికీ ఆ అరుపు వినపడింది, నోరు మాత్రం ఎవరికీ రాలా.

అది అట్టా ఉండగా, మరుసటేడు శ్రావణమాసం వచ్చింది. మునసబు కూతురికి ఆ ఎండాకాలమే పెళ్ళయింది, బందరు సంబంధం. ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది గాబట్టి కొత్తల్లుడు అత్తారింటికి వస్తన్నాడు. ఇంకేముంది, మేడకి సున్నాలు, తలుపులకి రంగులు, ఒకటే హడావిడి. అంతటితో ఆగాడా? బందరులో వియ్యంకుడింట్లో తామరపూల తొట్టి చూశాడంట, వాళ్ళకుంటే మనకుండొద్దా అని, దొడ్లో నడుమెత్తు తొట్టి కట్టించి, కాలవలోంచి తామర దుంపలు పీకించి దాంట్లో పెట్టించాడు. నీళ్ళు పోశారు, పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నయ్యి, పొయ్యే దారి లేదు. నాంచారమ్మ ఆ దారిన పోతా చూసింది. చూసి ఊరుకోవచ్చుగా? ఊరుకుంటే ఆవిడ నాంచారమ్మ ఎందుకైద్ది! గడపదాకా వెళ్ళి, అమ్మగోరూ, నిలవనీళ్ళండీ అయ్యి, దోమలు పుడతయ్యి, కాలవలో చిన్న చేపపిల్లలు గుప్పెడు పట్టిస్తా, తొట్లో వదలండి, నీళ్ళల్లో పురుగుని పురుగుగానే తినేస్తయ్యి, దోమ కాకముందే అంది. మంచిమాటేగా? మునసబు పెళ్ళాం రెండు చెవులూ మూసుకుని, శివశివా, అమ్మాయి నోము పట్టిందే, శ్రావణమాసమే, నీచు పేరెత్తుతావా నా గడపలో, నీ చేపలూ నువ్వూ అవతలికి ఫో అని కసిరిందంట. చేపల్ని తినమన్లేదే తల్లీ, వదలమంది! తినేదానికీ ఈదేదానికీ తేడా తెలవకపోతే ఏం చెప్తావు. నాంచారమ్మ మొహం మాడ్చుకుని వచ్చేసింది.

అదే నెలలో ఈవిడింట్లో కూడా ఒక విశేషం. కూతురు రవణమ్మ పురిటికొచ్చి ఆడపిల్లని కనింది. మనవరాలు పుట్టి ఇంకా పన్నెండు రోజులు. నాంచారమ్మ ఆ పిల్లని కంటికి రెప్పలాగా చూసుకునేది. ఎందుకంటే, రవణమ్మకంటే ముందు ఆవిడకొక పిల్ల ఉండేది. తొమ్మిదో నెల్లో చలిజొరం వచ్చి, ఒళ్ళో ఉండగానే పోయింది. ఈ పొగ వెయ్యడం అప్పట్నించే మొదలు. ఎవరితోనూ చెప్పేది కాదనుకో, కానీ పొద్దుగూకితే ఆవిడ చేతులు ఆగేవి కాదు. జొరమొచ్చినా, గాలివానొచ్చినా పొగ వెయ్యని రోజు లేదు. మనవరాలు పుట్టాక రెండు పెంకులు పెట్టడం మొదలెట్టింది. లోపల పెడితే బిడ్డకి ఊపిరాడదని వాకిట్లోనే, ఒకటి గుమ్మానికి ఈ పక్క, ఒకటి ఆ పక్క.

ఇంక అల్లుడు దిగాడు. తెల్లటోడు, మెత్తటోడు, బందరు లడ్డూలాగా ఉన్నాడంట. తామరతొట్టి పక్కన పట్టెమంచం వేశారు, పక్కనే కూర్చుని పూలు చూసుకోమని. మొదటి వారం బాగానే ఉంది. రెండో వారం తొట్లో పురుగులు రెక్కలు తొడుక్కున్నయ్యి. ఇంకేముంది, అల్లుడి మొహం చూస్తే ఇంతింత దద్దుర్లు, ఒక కన్ను మూసుకుపోయింది, చెవి అరిటిదొప్పంత లావయ్యింది. నేను రేపే బందరు పోతా, మళ్ళీ ఈ ఊరు మొహం చూడను, మీ అమ్మాయి రావాలంటే వచ్చిద్ది, లేపోతే లేదు అని మొండికేశాడు. మునసబూ ఆయన పెళ్ళాం కూర్చుని ఆలోచించారంట. మరి దోమలెక్కడివి? తొట్లోవని అనుకోవచ్చుగా? అనుకోరు! తొట్టి తను కట్టించింది, తప్పు దాంట్లో ఎట్టా ఉండిద్ది? పెళ్ళాం ఏమందంటే, ఏవండీ, ఆ నాంచారి పొగేసినప్పుడల్లా దోమలు ఆ పక్కనించి ఈ పక్కకి వస్తన్నయ్యి, వీధి మొత్తం మీద దోమల్ని ఊడ్చి మనింటిమీదకి తోలుతంది, నిరుటి దూడ కచ్చ తీర్చుకుంటంది అంది. దశరథరామయ్య తొడమీద కొట్టుకుని, అదీ సంగతి అన్నాడంట.

మర్నాడు పొద్దున్నే తూము గట్టుమీద ఊరందర్నీ పిలిపించాడు. అల్లుడ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ మొహం అందరికీ చూపించాడు, పటం చూపించినట్టు. ఏవే నాంచారీ, నువ్వు రోజూ పొగ పెడతన్నావా లేదా అన్నాడు. పెడతన్నానయ్యా, పాతికేళ్ళ నించి పెడతన్నా అంది. పొగ పెడితే దోమలు పోతయ్యా పోవా? పోతయ్యి గాబట్టేగా పెడతంది. పోయి ఎటుపోతయ్యి? గాలి ఎటు పోతే అటు పోతయ్యి. గాలి ఎటుపోద్ది? తూరుపుకి. తూరుపున ఎవరిల్లుంది? మీ మేడేగదయ్యా అంది. ఇన్నారుగా అందరూ, కర్రతో తోలినా పొగతో తోలినా తోలడమేగా, తోలినవాళ్ళదే మంద, ఈ దోమలన్నీ నాంచారి మంద, తెచ్చి నా దొడ్లో పడేసింది అన్నాడు. ఇంతకంటే అన్యాయం ఎక్కడన్నా ఉంటదా? దోమలకి గిట్టలున్నయ్యా, మెడలో గంటలున్నయ్యా, ఒకళ్ళ మంద అనడానికి! నాంచారమ్మ పాతికేళ్ళుగా తన పొగ కింద పడుకున్నవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూసింది. పక్కింటి కోటిలింగం ఉన్నాడు, రోజూ పొగ సాగే దోవ చూసుకుని మరీ మంచం జరుపుకునేవాడు. ఏరా కోటిలింగం, నువ్వు చెప్పరా, నా పొగ ఎవరికన్నా చెరుపు చేసిందా అనడిగింది. కోటిలింగం తన కాలిబొటనవేలికేసి చూసుకుంటా నిలబడ్డాడు. కాలివేలు అంత అందంగా ఉందేమో మరి! ఒక్కళ్ళు కిక్కురుమన్లా. నాకు ఇప్పుడు చెప్తంటే కూడా ఒళ్ళు మండిపోతంది.

మునసబు తీర్పు చెప్పాడు. అల్లుడుగారు ఈ నెలాఖరుదాకా ఉంటారు, అందాకా వీధిలో ఎవరూ పొగ పెట్టకూడదు, పెడితే ఊళ్ళో ఉండకూడదు. అయ్యా, నా గుడిసెలో నెల కూడా నిండని పసిగుడ్డుంది, నేను ఒక పిల్లని పోగొట్టుకున్నదాన్ని, మీకు తెలుసు, నెలాఖరుదాకా పొగ లేకుండా ఆ బిడ్డని నేనెట్టా కాపాడుకునేది అని రెండు చేతులూ జోడించింది. గోనెపట్టా కట్టుకో అన్నాడంట. అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెళ్ళగానే జనం కూడా ఎవరిళ్ళకి వాళ్ళు జారుకున్నారు. నాంచారమ్మ ఆ గట్టుమీద ఒక్కతే మిగిలింది.

ఆ సాయంత్రం పొగ లేవలా. దోమలకి ఎవరు చెప్పారోగానీ, వచ్చినయ్యి చూడు, పెళ్ళి భోజనాలకొచ్చినట్టు వచ్చినయ్యంట. నాంచారమ్మ పాతచీర చింపి బిడ్డకి తెర కట్టింది, గుమ్మానికి గోనెపట్టా కట్టింది, వాకిట్లో నీళ్ళ చుక్క లేకుండా కుండలన్నీ బోర్లించింది, విసనకర్ర పట్టుకుని తెల్లారేదాకా విసురుతానే ఉంది. చెయ్యి పడిపోయింది. అయినా తెరలో ఏదో సందునించి దూరతయ్యి, దోమకి ఎంత సందు కావాల? మొదటిరోజు పిల్ల కాళ్ళమీద నాలుగు దద్దుర్లు. రెండోరోజు మొహం నిండా. మూడోరోజుకి బిడ్డ ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, పాలు పట్టడం మానేసింది. రవణమ్మ పాలచేపు ఆగక ఏడుపు, బిడ్డ తాగక ఏడుపు. నాంచారమ్మ వేపాకు వేసి కాచిన నీళ్ళు చల్లార్చి, మెత్తటి గుడ్డతో దద్దుర్లమీద అద్ది అద్ది, మీద కొబ్బరినూనె రాసేది. అప్పటికి కుంచెం మంట తగ్గి పిల్ల కళ్ళు మూసేది. మూసిందో లేదో ఇంకో దోమ వచ్చి వాలేది. అమ్మా, అక్కకి కూడా ఇట్టానే అయ్యిందా అని అడిగిందంట రవణమ్మ. నాంచారమ్మకి బిడ్డ నుదుటిమీద చెయ్యేసి చూసుకోవడం, కాసేపాగి మళ్ళీ చూసుకోవడం, అదే పని.

మూడోనాడు పొద్దు వాలుతుండగా కోటిలింగం దడిమీదనించి తల పెట్టి, మెల్లంగా, నాంచారత్తా, మా గేదె పాలు చేపడంలేదే, పిల్లలకి నిద్రల్లేవే, కుంచెం పొగెయ్యరాదా, ఎవరికీ తెలవకుండా అన్నాడంట. ఎవరికీ తెలవకుండా పొగ ఎట్టా ఎయ్యాలిరా సచ్చినోడా? ముంతలో పెట్టి మూతేసి ఎయ్యాలా? నాంచారమ్మ దడి దగ్గరికొచ్చి, ఆ రోజు గట్టుమీద నీ నోట్లో ఏముందిరా, మట్టుందా? నేను చేతులు జోడించి ఏడిస్తే కాలివేలు చూసుకున్నావే, ఇప్పుడు కూడా అదే చూసుకో ఫో, దాన్నడుగు పొగెయ్యమని అంది. కోటిలింగం తల దడి కిందకి పోయింది. అయితే ఆవిడ అక్కడే నిలబడిపోయింది. ఏదో గుర్తొచ్చింది. తోలినవాళ్ళదే మంద అన్నాడుగా మునసబు? అందరి ముందరా అన్నాడుగా? నా మందే అయితే నా దగ్గర తాడుందిగా అనుకుంది. గొడ్లపాకలోకి పోయి గుంజకున్న పలుపుతాడు విప్పింది. అప్పుడెళ్తే చీకటి పడిద్ది, పదిమంది ఉండరు. తెల్లారాలని కూర్చుంది.

తెల్లారి జనం కాలవ దగ్గర నీళ్ళు పట్టుకునే వేళకి నాంచారమ్మ చేత్తో పలుపుతాడు పట్టుకుని వీధి నడిమిన నడుచుకుంటా బయల్దేరింది. ఏంది నాంచారమ్మా, గేదె తప్పిపోయిందా అని అడిగారు. గేదె కాదు, నా మంద మునసబుగారి దొడ్లో పడిందంటగా, తోలుకురాను పోతన్నా అంది. ఇంకేముంది, బిందెలు అక్కడ పడేసి ఆడాళ్ళు, పళ్ళు తోముకునే పుల్లలు నోట్లో పెట్టుకుని మొగాళ్ళు, అందరూ వెనకాల పడ్డారు. తమాషా అంటే వస్తారు, న్యాయమంటే రారు. మునసబు అరుగుమీద కూర్చుని ఉన్నాడు. ఏందే ఆ తాడు అన్నాడు. నా మందని తోలుకుపోవడానికొచ్చా, దొడ్డితలుపు తియ్యండి అంది. పిచ్చెక్కిందా నీకు అన్నాడు. మీరేగదయ్యా చెప్పింది నా మందని, తాడు పట్టుకుని వచ్చినవాళ్ళని ఆపకూడదని ఊరి కట్టుబాటు, ఆపుతానంటే ఇంతమందిలో ఆపుతానని చెప్పండి, వింటా అంది. ఆయన మీసం లాక్కున్నాడు, జనాన్ని చూశాడు, నవ్వినట్టు నవ్వి, తియ్యండ్రా తలుపు, ఏం తోలుకుపోద్దో చూద్దాం అన్నాడు.

నాంచారమ్మ తిన్నగా తామరతొట్టి దగ్గరికి పోయింది. ఒక ఆకు పైకెత్తింది. కింద నీళ్ళల్లో కుప్పలు కుప్పలు పురుగులు, తోకలతో పల్టీలు కొడతా, గింగిరాలు తిరుగుతా. ఒక చెంబుతో ముంచి అందరికీ చూపించింది. అల్లుడు ఒంటికన్నుతో మంచంమీదనించి లేచొచ్చి ఆ చెంబులోకి చూశాడంట, పాపం బందరువాడు, తెలవదుగా. ఏమిటివి అనడిగాడు. దోమ పిల్లలు నాయనా, ఇదిగో దీనికి రెక్కలు కూడా వస్తన్నయ్యి, రేపు ఈపాటికి మీ బుగ్గమీద ఉండిద్ది అంది. అల్లుడు రెండడుగులు వెనక్కేసి, ఇవి ఇక్కడ పుడుతున్నాయా మావయ్యగారూ, నేను పడుకునే చోట అన్నాడు. అప్పుడు నాంచారమ్మ చెంబు అక్కడ పెట్టి, కొంగు నడుముకి బిగించి, మునసబు ఎదురుగా నిలబడింది.

మునసబుగారా, నిరుడు నా గేదె ఇదే దొడ్లో ఈనింది. నువ్వేమన్నావు? ఎవరి దొడ్లో పుట్టి ఎవరి నీళ్ళు తాగితే వాళ్ళదే దూడ అన్నావు. అదుగో, నా దూడ, నుదుటిమీద మచ్చతో నీ గుంజకి కట్టేసి ఉంది, ఏడాది దాని పెరుగుదల నా గేదె చూసుకోలా. సరే, నీ మాటే కానీ. మరి ఈ దోమలు ఎవరి దొడ్లో పుట్టినయ్యి? ఎవరి నీళ్ళు తాగినయ్యి? దూడ నీదైతే దోమలూ నీవే, నీ మందే నా మనవరాలి మీదపడి మేసింది, దానికి జవాబు చెప్పు. కాదు, దోమలు నాంచారివే అంటావా, అయితే ఎక్కడ పుట్టినా తల్లిగలవాళ్ళదే పిల్ల, నా దూడ నాకివ్వు. రెంట్లో ఒకటి చెప్పు. దూడేమో నీది, దోమలేమో నావి అంటే కుదరదు. అదిగో మీ అల్లుడుగారు కూడా వింటన్నారు, చెప్పు అని నిలబడింది. నువ్వు అని అనేసిందంట మునసబుని, కోపంలో!

దశరథరామయ్య అల్లుడికేసి చూశాడు. దోమలు నావే అంటే ఇంకేమన్నా ఉందా, కట్టించి మరీ కుట్టించాడని బందరుదాకా పోద్ది కబురు. దూడదేముంది, దొడ్లో ఇరవై ఉన్నయ్యి. మొహం కందగడ్డలాగా చేసుకుని, దోమలు నీవే, నూటికి నూరుపాళ్ళు నీవే, నీ దూడ నీ మొహాన కొడతా, తోలుకుని ఫో, ఇంక నా గడప తొక్కమాక అని అరిచాడు. ఇన్నారుగా అందరూ అంది నాంచారమ్మ. ఇన్నాం అన్నారు. అబ్బో, అప్పుడు మాత్రం నోళ్ళు లేచినయ్యి! దూడ నాది, దోమలు నావి, నా సొత్తు నేనేమైనా చేసుకుంటా అని, పక్కన దంపుడు రోకలి ఉంటే అందుకుంది. అందుకుని ఆ తొట్టి అడుగున, సున్నం ఇంకా పచ్చిగా ఉన్నచోట, ఒక్కపోటు. రెండు పోట్లు. మూడో పోటుకి ఇటిక ఊడి నీళ్ళు భళ్ళున దొడ్డంతా పారినయ్యి. మునసబు పెళ్ళాం లబోదిబోమంది. నా మందని బయటికి తోలుకుంటన్నానమ్మగోరూ, దారి కావాలిగదా వాటికి అందంట. పొద్దెక్కి ఎండ కాసేసరికి పురుగులన్నీ ఆ నేలమీదే ఎండిపోయినయ్యి. తామరాకులు మొహం వేలాడేసినయ్యి. మునసబు రోకలికేసి చూశాడేగానీ ఒక్కమాట అనలేకపోయాడు, అంటే ఏమని అంటాడు? నీవే అని తనే చెప్పాడాయె.

దూడ మెడకి పలుపుతాడు వేసి, గుమ్మందాకా వచ్చి, నాంచారమ్మ వెనక్కి తిరిగింది. ఇంకోమాట మునసబుగారా, మంద నాదని తేల్చారు గాబట్టి, మళ్ళీ అది మీ దొడ్లో పడకుండా కాపలా ఉండాల్సింది నేను, కట్టుబాటు. కర్రతో దోమల్ని కాయలేనుగదా, పొగతోనే కాస్తా, ఇయ్యాల్టి నించి అంది. ఇయ్యాల్టి నించి అనే మాట ఆయన నోటిదే, గుర్తుందా నీకు? ఆయనకీ గుర్తొచ్చి ఉంటది. తలుపేసుకున్నాడు.

ఆ సాయంత్రం పొద్దు వాలకముందే వీధిలో చూస్తే, పిలవకుండానే మంచాలన్నీ బయటికొచ్చినయ్యి, గేదెలన్నీ వరసన కట్టేసి ఉన్నయ్యి. పిడకలు కూడా వచ్చినయ్యి, నాంచారమ్మ వాకిట్లో కుప్పపడ్డయ్యి, పాతికేళ్ళ తర్వాత! కోటిలింగం వావిలి మండలు మోపుకట్టి తెచ్చి, తల గోక్కుంటా నిలబడ్డాడు. నాంచారమ్మ ఎవరికేసీ చూడలా. రెండు పెంకులు రాజేసింది, ఊక పోసింది, ఆకు వేసింది. పొగ లేచాక అప్పుడు నడుం మీద చేతులేసుకుని, వినండి అందరూ, ఇది మీకోసం వేస్తందని అనుకోమాకండి, నా మనవరాలి కోసం వేస్తన్నా, పొగకి సిగ్గులేదు గాబట్టి మీ ఇళ్ళకి కూడా వచ్చిద్ది అందంట. అని లోపలికి పోయింది. ఏడాది తర్వాత గేదె దూడని నాకుతన్న చప్పుడు పాకలోంచి వినపడతంది. రవణమ్మ ఒళ్ళో బిడ్డ కాసేపు గునిసి గునిసి, నోరు తెరిచి పాలు పట్టింది. నాంచారమ్మ ఆ గుటకలు లెక్కపెట్టుకుంటా గోడకి ఆనుకుని, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయిందంట, నాలుగు రోజుల నిద్ర.

అదీ కథ. అల్లుడు నెలాఖరుదాకా ఉన్నాడంట, పోయేటప్పుడు నాంచారమ్మ దగ్గరికొచ్చి కలబంద మట్టలు నాలుగు అడిగి పట్టుకెళ్ళాడంట, వాడు మంచోడే. తీర్పు ప్రకారం ఆ ఊరి దోమలన్నీ పేరుకి నాంచారమ్మవి, కాదన్నవాళ్ళు లేరు. కానీ ఇప్పటికీ ఆ పక్క ఎవరిని దోమ కుట్టినా, ఛీ మునసబు దూడ కుట్టింది అనే అంటారు. ఇదుగో, ఆ గోక్కోడం ఆపి ఈ తులసాకు నలిపి రుద్దుకో, పుండు చేసుకోమాక. రాసుకుంటే రాసుకున్నావుగానీ, ఇంటికెళ్ళాక మీ పెరట్లో నిలవనీళ్ళ గోలెం ఏదన్నా ఉందేమో చూసుకో. ఉంటే మాత్రం ఊళ్ళో ముసలమ్మల మీద పడి ఏడవమాక.